పన్నెండు అంగుళాల మెలిక

కాగితానికి గురిపెట్టి రైఫిల్ పేలిస్తే ఎలాంటి చిల్లు పడుతుంది? ఎవరినడిగినా 'గుండ్రంగా' అనే చెబుతారు. ఆ గ్యారేజీ గోడకు గుచ్చిన కాగితం మీద మాత్రం చిల్లులు గుండ్రంగా లేవు. ఒకటి బాదంగింజలా ఉంది. ఇంకొకటి పాతకాలపు తాళంకప్పకి చెవి దూర్చే రంధ్రంలా ఉంది. మూడోది చూస్తే గుండు ముక్కుతో కాదు, ప్రక్కవాటుగా పడుకుని వెళ్లి కాగితాన్ని చించినట్టుంది.

2021 మార్చిలో ఒక ఆదివారం ఉదయం. కాలిఫోర్నియా రాష్ట్రంలో శాక్రమెంటో నగరానికి తూర్పున, సియెర్రా నెవడా కొండలు మొదలయ్యే చోట ఓ చిన్న ఊరు. అక్కడుంటున్న తెలుగు ఇంజినీరు పక్కింటి గ్యారేజీలోకి వెళ్లింది బల్ల మోయడానికి. పక్కింటి పెద్దాయనకు 74 ఏళ్లు. భార్య పోయి చాలా కాలమైంది. గ్యారేజీ ఖాళీ చేస్తున్నారు. బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, అరల నిండా పెట్టెలు, వాటితోపాటు ఒక పాత రైఫిలు... అన్నీ అమ్మేద్దామని నిర్ణయించుకున్నారు.

"ఎందుకు?" అని అడిగితే కుడిచెయ్యి ముందుకు చాపి చూపించారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"ఇదీ కారణం. ఈ చేతులతో ఇక తుపాకీ పట్టుకోకూడదు."

మన ఇంజినీరుది తెనాలి. కాకినాడలో మెకానికల్ చదివి, నీటిపంపులు డిజైన్ చేసే కంపెనీలో పని చేస్తున్నారు. తుపాకీ కాల్చడం మాట అటుంచి, చీమను చూసినా పక్కకు జరిగే మనిషి. ఇంట్లో గుడ్డు కూడా వండరు. ఆయనకు రైఫిళ్ల గురించి తెలియదుగానీ తిరిగే వస్తువుల గురించి తెలుసు. పంపు షాఫ్టు ఎప్పుడు సాఫీగా తిరుగుతుంది, ఎప్పుడు ఊగుతుంది అనేదే ఆయన ఉద్యోగం. అందుకే బల్ల ఒక కొసన పట్టుకోబోతూ ఆ కాగితం దగ్గర ఆగిపోయారు.

"చెయ్యి వణికితే చిల్లు ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడుతుంది. చిల్లు ఆకారం ఎందుకు మారుతుంది?"

పెద్దాయన సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్న ఆయన వేసుకోలేదు మరి.

* * *

ఆ రైఫిలు ఆయన నాన్నది. యాపిల్ తోట ఉన్న రైతు. 1957లో ఊళ్లో హార్డ్‌వేర్ దుకాణంలో కొన్నారు. రెమింగ్టన్ కంపెనీ తయారీ, మోడల్ 722. అందులో వేసే తూటా పేరు '.244 రెమింగ్టన్'. గుండు వ్యాసం 0.243 అంగుళం. అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. పెద్దాయన పదేళ్ల వయసులో నాన్న పక్కన పడుకుని మొదటిసారి పేల్చింది దాన్నే. ఆ తర్వాత అరవై ఏళ్లు ఏటా సెప్టెంబరు చివర్లో జింకల సీజన్ తెరవగానే లైసెన్సు, అనుమతి చీటీ జేబులో పెట్టుకుని కొండెక్కేవారు. ఏడాదికి ఒక్క జింక. దొరకని ఏడాది లేదనరు, 'దొరికితే ఒకే దెబ్బ' అంటారు. ఆయన గర్వమంతా ఆ 'ఒకే దెబ్బ'లోనే ఉంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అనేది కోర్టు కేసుల్లో వినబడే మాట. అక్కడ అలా కాదు. ఎన్ని జింకలుండాలో, ఎన్నింటిని వేటాడనివ్వాలో ప్రభుత్వమే లెక్కగడుతుంది. చాలామంది పల్లెవాసులకు అది ఏడాదికి సరిపడా మాంసం. నచ్చినా నచ్చకపోయినా ఆ లోకానికీ ఒక నీతి ఉంది. జంతువుని గాయపరిచి వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అలాంటి తప్పే 2020లో జరిగింది. నూటపాతిక గజాల దూరంలో నిలబడిన జింకకు గురిపెట్టారు. భుజం వెనక తగలాల్సిన గుండు ఎక్కడో వెనక తగిలింది. జింక పరిగెత్తింది. చీకటిపడే దాకా రక్తపు చుక్కలు చూసుకుంటూ వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. వాగు పక్కన, ఇంకా ప్రాణంతోనే.

పెద్దాయనకు ఒక నోటు పుస్తకముంది. నాన్న మొదలుపెట్టింది. ఏ రోజు ఎన్ని తూటాలు తయారుచేశారు, ఏ గుండు, ఎంత మందు, ఎలా తగిలాయి... అన్నీ వరసగా గళ్లు గీసి రాసి ఉంటాయి. ఆ రోజు పేజీలో అన్ని గళ్లూ దాటి చివరన రెండే మాటలు రాశారు. 'నా చేతులు.'

డాక్టరు దగ్గరికీ వెళ్లారు. వయసుతోపాటు వచ్చే వణుకే, భయం లేదన్నారు డాక్టరు. ఆయన భయం ఆయన గురించి అయితే కదా!

* * *

ఇంతకీ ఆ బల్ల, ఆ ప్రెస్సు ఏమిటి? తూటా అంటే ఒక్క వస్తువు కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతికి బిగించిన గుండు... ఈ నాలుగూ కలిస్తే తూటా. పేలాక గుండు వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది. ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని కడిగి, ప్రెస్సులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు పెడితే మళ్లీ తూటా సిద్ధం. అమెరికాలో లక్షలమందికి ఇదో ఇంటిపని. 'హ్యాండ్‌లోడింగ్' అంటారు. ఖర్చు కలిసొస్తుందనేది కొందరి లెక్క. తన రైఫిలుకి అతికినట్టు సరిపోయే తూటా తానే చేసుకోవాలనేది ఇంకొందరి పట్టుదల. .244లాంటి పాత తూటాలు దుకాణంలో దొరకడమే కష్టం కాబట్టి పెద్దాయనకు వేరే దారి కూడా లేదు.

ఈ పనిలో కొలతే ప్రాణం. మందుని, గుండుని 'గ్రెయిన్'లలో తూస్తారు. ఒక గ్రెయిను దాదాపు 65 మిల్లీగ్రాములు. కంసాలి త్రాసు కూడా చిన్నబోయేంత సూక్ష్మం. మందు కాస్త ఎక్కువైతే రైఫిలు చేతిలోనే పేలొచ్చు. అందుకే ఏ గుండుకి ఎంత మందో తయారీదారులు పుస్తకాలు అచ్చువేస్తారు. పెద్దాయన ఆ పుస్తకం పక్కన పెట్టుకోకుండా ఏనాడూ డబ్బా మూత తీయలేదు.

అరవై ఏళ్లుగా ఆయన వాడింది 90 గ్రెయిన్ల గుండు. లోపల సీసం, పైన రాగి తొడుగు. నాన్న వాడిందీ అదే.

2019లో అది మారాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో 2013లోనే ఓ చట్టం చేశారు. వేటలో సీసం గుండ్లు వాడకూడదని. అది దశలవారీగా అమలై, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా, అన్నిరకాల వేటకూ వర్తించింది. కారణం ఒక పక్షి. కాలిఫోర్నియా కాండర్ అనే భారీ రాబందు. సీసం గుండు జంతువులో దిగగానే పొడిపొడిగా చెదురుతుంది. వేటగాళ్లు వదిలేసిన పేగుల్ని తిన్న రాబందుల ఒంట్లోకి ఆ పొడి చేరి విషమై చంపేస్తుంది. 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద ఆ జాతిలో మిగిలినవి 22. మన దగ్గర పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు రాబందుల్ని ఎలా తుడిచిపెట్టిందో, 2006లో ఆ పశువైద్యపు మందుని ఎలా నిషేధించాల్సి వచ్చిందో తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

పెద్దాయన చట్టాన్ని తిట్టుకోలేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కాండర్ని చూశానని చెప్పిన సంగతి గుర్తుంది. దుకాణానికి వెళ్లి సీసం లేని గుండ్లు అడిగారు. పూర్తిగా రాగితో చేసినవి చూపించారు. "ఎన్ని గ్రెయిన్లు?" "ఎప్పుడూ తీసుకునేదే. 90." పెట్టె తెచ్చుకున్నారు. కొత్త గుండుకి పుస్తకంలో ఎంత మందు రాసుందో చూసి, అంతే పోశారు.

ఆ ఏడాది సీజన్లో పేల్చిన రెండూ గురితప్పాయి. మరుసటి ఏడాది జరిగింది ముందే చెప్పుకున్నాం. కరోనా మూలంగా గుండ్లకీ, ప్రైమర్లకీ కరువొచ్చిన రోజులు కావడంతో కాగితం మీద సాధన కూడా అంతంతమాత్రమే. గోడకు గుచ్చింది జింక దొరికిన తర్వాత వారం కాల్చి చూసుకున్న కాగితం. అందులో పెద్దాయనకు కనబడింది చిల్లులు చెల్లాచెదురుగా పడటం ఒక్కటే.

* * *

"రాగి గుండు ఒకటి, పాత సీసం గుండు ఒకటి ఇవ్వండి" అన్నారు ఇంజినీరు. అర చివర ఓ పాత డబ్బాలో సీసానివి నాలుగు మిగిలున్నాయి. రెండూ త్రాసులో వేశారు. సమానం. పెద్దాయన 'చూశావా' అన్నట్టు చూశారు. అప్పుడు రెంటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టారు ఇంజినీరు.

రాగిది పొడుగు!

చిత్రమేమీ లేదు. ఎనిమిదో తరగతి పాఠమే. సీసం ఘన సెంటీమీటరు 11.3 గ్రాములు తూగుతుంది. రాగి తొమ్మిదికి కాస్త తక్కువ. లావు పెంచడానికి లేదు, బ్యారెల్ ఎంతుంటే అంతే. అదే లావులో అదే బరువు రావాలంటే పొడవే పెరగాలి. క్యాలిపర్స్‌తో కొలిస్తే సీసం గుండు 0.9 అంగుళం, రాగి గుండు 1.1 అంగుళం తేలాయి.

"అయితే ఏమిటి? అంగుళంలో అయిదో వంతు" అన్నారు పెద్దాయన.

ఆ అయిదో వంతు గురించి చెప్పుకోవాలంటే బొంగరం దగ్గరికి వెళ్లాలి. తాడు చుట్టి విసిరిన బొంగరం గిర్రున తిరిగినంతసేపూ నిటారుగా నిలబడుతుంది. వేగం తగ్గగానే తల ఊపడం మొదలెడుతుంది, తర్వాత పడిపోతుంది. గాల్లో పోయే గుండూ అంతే. గాలి దాని ముక్కుని పక్కకు తోసేయాలని చూస్తుంది. గిర్రున తిరుగుతుంటేనే ఆ తోపుకి లొంగకుండా ముక్కుసూటిగా పోతుంది. ఆ తిప్పే పని బ్యారెల్‌ది. బ్యారెల్ లోపల, స్క్రూ మీదుండే మరల్లాగా, మెలితిరిగిన గాడులు చెక్కి ఉంటాయి. గుండు వాటిని పట్టుకుని తిరుగుతూ బయటికొస్తుంది. ఎన్ని అంగుళాలు ముందుకెళ్తే ఒక చుట్టు పూర్తవుతుందో అదే ఆ బ్యారెల్ మెలిక. 'పన్నెండుకి ఒకటి' అంటే నెమ్మది మెలిక. 'తొమ్మిదికి ఒకటి' అంటే జోరు మెలిక.

నెమ్మది అన్నామని తేలిగ్గా తీసుకోకండి. సెకనుకి 3,100 అడుగుల వేగంతో వచ్చే గుండు, అడుక్కి ఒక చుట్టు చొప్పున సెకనుకి 3,100 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 1,86,000! ఇంట్లో సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడొందల పైచిలుకు తిరుగుతుంది.

అంత తిరిగినా చాలకపోవడం ఏమిటంటే, పొట్టి గుండుని నిలబెట్టడం తేలిక, పొడుగు గుండుని నిలబెట్టడం కష్టం. పొడుగు పెరిగేకొద్దీ గాలికి పట్టు దొరుకుతుంది. బ్రిటన్‌లోని ఊల్విచ్‌లో సైనికాధికారులకు లెక్కలు చెప్పిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ అనే ప్రొఫెసరు 1879లోనే దీనికి చిన్న సూత్రం రాసిపెట్టారు. గుండు వ్యాసాన్ని దాంతోనే హెచ్చించి, మళ్లీ 150తో హెచ్చించి, గుండు పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాల మెలిక కావాలో వస్తుంది. ఇప్పటి వేగాలకు 150 బదులు 180 వేసుకుంటారు. గమనించారా... ఆ సూత్రంలో బరువు అనే మాటే లేదు!

ఇంజినీరు ఓ అట్టముక్క మీద లెక్క వేశారు. సీసం గుండుకి 11.8 వచ్చింది. రాగి గుండుకి 9.7. అది కూడా సీసానికి తగ్గట్టు కట్టిన సూత్రం, రాగి తేలిక కాబట్టి అసలు అవసరం ఇంకాస్త బిగువైన మెలిక.

"ఇప్పుడు మీ బ్యారెల్ మెలిక ఎంతో తెలియాలి."

అరవై ఏళ్లు వాడినా పెద్దాయనకు ఆ అంకె తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. రైఫిలు ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, శుభ్రంచేసే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్లోకి దూర్చారు. కడ్డీ పిడి తనంతట తాను తిరిగే రకం. కడ్డీ మీద పైవైపు పెన్నుతో గీత పెట్టి నెమ్మదిగా తోశారు. గాడుల్ని పట్టుకుని కడ్డీ తిరగడం మొదలైంది. గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి రాగానే ఆపి, ఎంత లోపలికెళ్లిందో టేపుతో కొలిచారు.

పన్నెండు అంగుళాలు.

పెద్దాయన మళ్లీ కొలవమన్నారు. మళ్లీ పన్నెండే. మూడోసారి తానే కొలిచారు. తర్వాత గుండ్ల పెట్టె తీసి, కళ్లద్దాలు మార్చుకుని, అంచున చీమతలంత అక్షరాల్లో ఉన్నది చదివారు. పదికి ఒకటి, లేదా అంతకన్నా జోరు మెలిక బ్యారెళ్లకు మాత్రమే అని రాసుంది. రెండేళ్లుగా ఆ పెట్టె ఆయన బల్ల మీదే ఉంది.

కాసేపు కుర్చీలో కూర్చుండిపోయారు. సంతోషించాల్సిన మాటే కదా అనుకుంటాం. ఆయన మొహంలో సంతోషం లేదు. "అంటే ఆ జింక నా వణుకు వల్ల కాదు... చదవకపోవడం వల్ల" అన్నారు. ఇంజినీరు దగ్గర దానికి జవాబు లేదు. బల్ల మాత్రం ఆ రోజు కదల్లేదు.

* * *

అసలు పన్నెండు అంగుళాల మెలిక పెట్టిందెవరు? పెట్టిన కంపెనీయే దానివల్ల దెబ్బతింది. తుపాకీల చరిత్ర రాసేవాళ్లు సరదాగా చెప్పుకునే కథ ఇది.

1955లో రెండు అమెరికన్ కంపెనీలు ఒకే లావు గుండుతో రెండు కొత్త తూటాలు విడుదల చేశాయి. వించెస్టర్ వారిది .243. రెమింగ్టన్ వారిది .244. పేరులో ఒక అంకె తేడా ఉన్నా గుండు వ్యాసం రెండింటిదీ 0.243 అంగుళమే. రెమింగ్టన్ తూటాలో మందు పట్టే చోటు కాస్త ఎక్కువ కూడా. అయినా ఓడిపోయింది. పొలాల్లో కన్నాలు తవ్వే చిన్న జంతువుల్ని దూరం నుంచి కొట్టడానికి కొనేవాళ్లే ఎక్కువని రెమింగ్టన్ లెక్కేసుకుంది. ఆ పనికి 75, 90 గ్రెయిన్ల పొట్టి గుండ్లు చాలు, వాటికి పన్నెండు అంగుళాల మెలిక చాలు. వించెస్టర్ మాత్రం పదికి ఒకటి పెట్టి, 100 గ్రెయిన్ల గుండు కూడా అమ్మింది. జనానికి కావాల్సింది జింకలకీ, చిన్న జంతువులకీ ఒకే రైఫిలు. 100 గ్రెయిన్ల మొనదేలిన గుండుని రెమింగ్టన్ బ్యారెల్ నమ్మకంగా నిలబెట్టలేదన్న మాట ఊరూరా పాకింది. రెమింగ్టన్ తర్వాత మెలికని తొమ్మిదికి ఒకటి చేసింది. 1963లో పేరు కూడా మార్చి '6 ఎంఎం రెమింగ్టన్' అంది. అప్పటికే .243 ఇంటింటి పేరైపోయింది. రెండంగుళాల తేడాకు అంత మూల్యం!

సైన్యాలకూ ఈ పాఠం తప్పలేదు. తర్వాత ఎం16గా పేరొందిన ఏఆర్-15 రైఫిలుకి మొదట్లో పద్నాలుగుకి ఒకటి మెలిక ఉండేది. మామూలు వాతావరణంలో బాగానే ఉంది. మంచు ప్రాంతపు చలిలో పరీక్షిస్తే గురి చెడింది. చలిలో గాలి చిక్కబడుతుంది, ముక్కుని తోసే బలం పెరుగుతుంది. 1963లో దాన్ని పన్నెండుకి మార్చారు. 1980లలో పొడుగు గుండ్లు వచ్చేసరికి ఏకంగా ఏడుకి ఒకటి చేశారు. ప్రభుత్వాలు బ్యారెళ్లు మార్చగలవు. తోట రైతు కొడుకు నాన్న రైఫిలుకి బ్యారెల్ మార్చాలా?

మార్చొచ్చు. ఊళ్లో తుపాకీలు బాగుచేసే మనిషి అదే సలహా ఇచ్చాడు. ఎనిమిదికి ఒకటి మెలికతో కొత్త బ్యారెల్ వేస్తే ఏ రాగి గుండైనా దూసుకుపోతుందన్నాడు. చెప్పింది నిజమే. కానీ పెద్దాయన ఒప్పుకోలేదు. నాన్న చెయ్యి ఆనిన చోట బ్యారెల్ మీది నలుపు కొంచెం అరిగి ఉంటుంది. అది పోతే మిగిలేది చెక్కపిడి ఒక్కటే.

కాబట్టి మారాల్సింది గుండే. అలవాటైన అంకెని వదిలేసి పొట్టిది వెతకాలి. రాగిలోనే 70 గ్రెయిన్లది, వేటకు పనికొచ్చేలా ముక్కు విచ్చుకునే రకం ఓ చిన్న తయారీదారు దగ్గర దొరికింది. పొడవు 0.85 అంగుళం. సూత్రంలో వేస్తే పన్నెండున్నర వచ్చింది. రాగి తేలికదనాన్ని లెక్కలోకి తీసుకుంటే గీత మీద నిలబడినట్టే. అవతలికా ఇవతలికా అన్నది కాగితమే చెప్పాలి.

"70తో జింకనా?" పెద్దాయన గునిసారు. బరువు తగ్గడమంటే బలం తగ్గడమనే ఆయన తరం నమ్ముతుంది. అందులో నిజం లేకపోలేదు. అయితే సీసం గుండు తగలగానే చెదిరి బరువు పోగొట్టుకుంటుంది. రాగి గుండు పువ్వులా విచ్చుకుని చాలావరకు ముక్కలవకుండా లోతుకు దిగుతుంది. దూరం తగ్గించుకోవాలి, అంతే. నూట యాభై గజాలు దాటితే పేల్చకూడదని ఇద్దరూ ఒప్పందానికొచ్చారు. జీవితంలో తుపాకీ ముట్టని మనిషి వేటగాడితో అలాంటి ఒప్పందం చేసుకోవడం విచిత్రమే.

ఈ వ్యవహారం తెనాలి దాకా వెళ్లింది. వీడియో కాల్లో అమ్మ గట్టిగానే వేసుకుంది. "ఒరేయ్, ఆ తుపాకీల దగ్గర నీకేం పనిరా? ఉన్నవాటిని చంపడానికి సాయం చేస్తున్నావా?"

"చంపడానికి కాదమ్మా... అది నరకయాతన పడకుండా."

"రెండూ ఒకటే నాకు" అందావిడ. భార్య కూడా అత్తగారి పక్షమే. ఇంజినీరు వాదించలేదు. వాళ్ల మాటా కొట్టిపారేసేది కాదని ఆయనకూ తెలుసు.

ఏప్రిల్లో తూటాలు తయారయ్యాయి. పాత 90కి రాసుకున్న మందు కొలత కొత్త గుండుకి పనికిరాదు. పుస్తకం తిరగేసి, ఆ గుండుకి ఇచ్చిన అతి తక్కువ కొలతతో మొదలుపెట్టి, అయిదేసి చొప్పున మెల్లగా పెంచుతూ చేశారు. చెయ్యి వణుకుతోంది కాబట్టి గరాటులో మందు పోసే పని ఇంజినీరుకి వచ్చింది. పది నిమిషాలకోసారి లేచి వేళ్లు విదిలించుకునేవారాయన.

షూటింగ్ రేంజిలో రైఫిలుని ఇసుక సంచుల మీద ఆనించారు. నూరు గజాల దూరంలో కాగితం. అయిదు దెబ్బలయ్యాక నడుచుకుంటూ వెళ్లి చూశారు. అయిదు చిల్లులు. అయిదూ గుండ్రంగా ఉన్నాయి. సినిమాల్లోలాగా ఒకే చిల్లులో అయిదూ దూరిపోలేదు. దాదాపు రెండంగుళాల మేర పరుచుకున్నాయి. పెద్దాయన చెయ్యి వణుకు అబద్ధం కాదు కదా! చలిలో కూడా చూడాలని నవంబరులో, నేల మీద మంచు గడ్డకట్టిన పొద్దున మళ్లీ వెళ్లారు. అప్పుడూ గుండ్రమే.

నవంబరు దాకా ఎందుకాగారంటే, 2021 సీజన్ పోయింది. ఆగస్టు 14న అంటుకున్న 'కాల్డర్' కార్చిచ్చు రెండు నెలల పాటు ఆ కొండల్ని కాల్చేసింది. గ్రిజ్లీ ఫ్లాట్స్ అనే ఊరు చాలావరకు బూడిదైంది. ఆయన ఏటా వెళ్లే అడవి మూసేశారు. పెద్దాయన ఆ సెప్టెంబరంతా ఇళ్లు పోయినవాళ్లకు తోటలోని షెడ్డు సర్ది ఇవ్వడంలో గడిపారు. రైఫిలు మాట ఎత్తలేదు.

2022 అక్టోబరులో మూడోవారం వెళ్లారు. మనవరాలు తోడొచ్చింది. మొదట కనిపించిన జింక రెండొందల గజాల పైన ఉంది. వదిలేశారు. మర్నాడు తెల్లవారుజామున ఇంకోటి, తొంభై గజాల్లో. చెట్టు మొదలుకి రైఫిలుని ఆనించి పేల్చారు. అది ఉన్నచోటనే కూలిపోయింది.

నోటు పుస్తకంలో ఆ రోజు పేజీకి ఒక కొత్త గడి గీసి ఉంది. 'బరువు' పక్కన 'పొడవు'. అందులో 0.85 అని రాశారు. 2020 పేజీ దగ్గర 'నా చేతులు' అన్నమాటని కొట్టేయలేదు. దాని పక్కన 1.1 అని రాసి వదిలేశారు.

జింక మాంసం ఇంజినీరు ఇంటికి రాలేదు. రాదని పెద్దాయనకూ తెలుసు. వారం తర్వాత గుమ్మంలో ఓ బుట్ట కనిపించింది. నిండా యాపిల్ పళ్లు.